ఫెన్సింగ్‌లో ఇన్ని డబ్బులు పోశాక కాలేజీ ఆ టీమే ఎత్తేస్తే?

బేఏరియా_అమ్మ
మా అమ్మాయి పదో క్లాసు. ఆరేళ్లుగా ఫెన్సింగ్ చేస్తోంది. క్లబ్బు ఫీజులు, టోర్నమెంట్లకు విమానం టికెట్లు, హోటళ్లు, విరిగిన కత్తులు అన్నీ కలిపితే ఊళ్లో ఇల్లు లేచేదని మా ఆయన వారానికోసారి లెక్క చెప్తారు. మొన్న కోచ్ కాలేజీ రిక్రూటింగ్ మాట ఎత్తాడు. దాంతో ఇంట్లో పాత గొడవ మళ్లీ మొదలు.

2020 జులైలో స్టాన్‌ఫర్డ్ తన 36 ఆటల్లో 11 తీసేస్తున్నామని ఒక్క ప్రకటనలో తేల్చేసింది. అందులో ఫెన్సింగ్ ఉంది, అబ్బాయిలదీ అమ్మాయిలదీ. అప్పుడు మా క్లబ్బులో ఒక పిల్ల అక్కడికే వెళ్లాలని నాలుగేళ్లుగా తయారవుతోంది. వాళ్లమ్మ పార్కింగ్‌లో కారు డోర్ పట్టుకుని ఏడవడం నేను కళ్లారా చూశాను.

నాకు అర్థం కానిది ఒక్కటే. కరోనాకి స్టేడియాలు ఖాళీ అయితే నష్టం అమెరికన్ ఫుట్‌బాల్‌ది. మా పిల్లల ఆటకి కరోనా ముందూ ఎవరూ టికెట్ కొనలేదు, కరోనాలోనూ కొనలేదు. వాళ్లకి నష్టం వస్తే మా ఆట ఎందుకు పోవాలి? డబ్బు సంగతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ఉప్మా_వద్దు
అత్త మీద కోపం దుత్త మీద. అంతే, ఇంకేం లేదు.

లెక్కల_లావణ్య
సామెత సరిపోయింది గానీ కాస్త వివరంగా చెప్తా. ఒక యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసులో తొమ్మిదేళ్లు చేశాను, ఏ యూనివర్సిటీనో అడక్కండి.

2020 మార్చి 12న ఎన్‌సీఏఏ, అంటే ఇక్కడ కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ, మగవాళ్లవీ ఆడవాళ్లవీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్లు రెండూ రద్దు చేసింది. ఈ టోర్నమెంట్‌నే మార్చ్ మ్యాడ్‌నెస్ అంటారు, మనకి ఆఫీసులో ఎవరు గెలుస్తారో పందెం పట్టికలు నింపే సరదా, వాళ్లకి మాత్రం ఏడాది తిండి. మగవాళ్ల టోర్నమెంట్ టీవీ, మార్కెటింగ్ హక్కుల మీదే ఏడాదికి 800 మిలియన్ డాలర్ల పైన వస్తుంది. అందులోంచి పై స్థాయిలో ఆడే డివిజన్ వన్ కాలేజీలకి ఆ జూన్‌లో 600 మిలియన్లు పంచాల్సింది, 225 మిలియన్లు పంచారు. ఎన్‌సీఏఏ మొత్తం ఆదాయం ముందు ఏడాది 1.1 బిలియన్ పైచిలుకు, ఆ ఏడాది 519 మిలియన్లు. సగానికి సగం ఎగిరిపోయింది.

అది మొదటి దెబ్బ. అసలు దెబ్బ శరదృతువులో, ఫుట్‌బాల్ టికెట్లతో పడింది. ఇక మీ ప్రశ్న. డిపార్ట్‌మెంట్ ఖర్చులో కోయడానికి వీలున్నది ఎంత? కోచ్‌ల జీతాలు కాంట్రాక్టుతో కట్టేసి ఉంటాయి. స్టేడియం కట్టిన అప్పుకి వాయిదాలు ఆగవు. ఇచ్చిన స్కాలర్‌షిప్పులు వెనక్కి తీసుకోలేరు. ఇవన్నీ పక్కన పెడితే ప్రయాణాలు, చిన్న ఉద్యోగులు, చిన్న ఆటలు మిగులుతాయి. కత్తికి అందినదే తెగింది.

ఉప్మా_వద్దు
"కత్తికి అందింది" అని ఫెన్సింగ్ వాళ్లకే చెప్తున్నారు, గట్టి గుండె మీది.

వింజమూరి_వాకిలి
ఎన్‌సీఏఏకి ఇన్సూరెన్స్ ఉంది కదా? మొత్తం వచ్చేసిందని చదివినట్టు గుర్తు.

లెక్కల_లావణ్య
మొత్తం కాదు. ఈవెంట్ రద్దయితే వచ్చే పాలసీ, 270 మిలియన్లు. 800 పోయిన చోట 270. మీరు వింబుల్డన్‌తో కలిపేసుకుంటున్నారేమో. అంటువ్యాధికి కూడా వర్తించేలా ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి, 2020లో వాడుకున్నది వాళ్లు.

కొలంబస్_కోటి
ఇక్కడ అందరూ ఫుట్‌బాల్‌ని విలన్ చేస్తున్నారు కాబట్టి నా వంతు. నేను ఓహాయో స్టేట్ స్టేడియంకి పది నిమిషాల దూరంలో ఉంటాను. లక్ష మంది పైన పట్టే గిన్నె అది. 2020లో అక్కడ టికెట్లే అమ్మలేదు. మా స్కూలు ఆడే కాన్ఫరెన్సు (లీగ్ లాంటిది) బిగ్ టెన్ ఆగస్టు 11న సీజన్ వాయిదా అంది, సెప్టెంబర్ 16న మాట మార్చింది, అక్టోబర్ చివర్లో ఆట మొదలైంది. రోజూ కోవిడ్ టెస్టులు, ఖాళీ కుర్చీలు. మావాళ్లు ఫైనల్ దాకా వెళ్లి అలబామా చేతిలో 52-24తో చావుదెబ్బ తిన్నారు, అది వేరే బాధ. ఆ ఆర్థిక సంవత్సరం లోటు 60 మిలియన్ల పైన. నాటకం కాదు, నిజం డబ్బు.

ఇంకోటి, అమ్మగారికి చేదుగా ఉన్నా చెప్పాలి. మీ ఫెన్సింగ్‌కి, ఈతకి, టెన్నిస్‌కి ఇన్నేళ్లు అన్నం పెట్టింది ఆ ఫుట్‌బాలే. పెట్టే చెయ్యి విరిగితే పళ్లెం ఖాళీ అవ్వదా?

లెక్కల_లావణ్య
కోటి గారూ, మీ పోస్టులోనే మీకు జవాబుంది. ఓహాయో స్టేట్‌కీ 36 ఆటలే, అందులో ఫెన్సింగ్ కూడా ఉంది. 60 మిలియన్ల పైన లోటు వచ్చినా ఒక్క ఆట ఎత్తేశారా? లేదు. ఉద్యోగాలు పోయాయి, జీతం లేని సెలవులు ఇచ్చారు, అప్పు చేశారు, ఆటలు మాత్రం ఉన్నాయి. స్టాన్‌ఫర్డ్‌కి అదే సమయంలో 28.9 బిలియన్ డాలర్ల ఎండోమెంట్, అంటే దాతలిచ్చిన శాశ్వత నిధి, ఉంది. అక్కడ 11 ఆటలు పోయాయి. అంటే లోటు ఉన్నంత మాత్రాన ఆట పోదు. ఎవరో కుర్చీలో కూర్చుని "ఇది పోనీ" అనాలి.

కొలంబస్_కోటి
ఎండోమెంట్‌ని పర్సులో డబ్బులా ఖర్చు పెట్టలేరని ఫైనాన్స్ ఆఫీసులో చేసిన మీకు నేను చెప్పాలా?

లెక్కల_లావణ్య
అక్కర్లేదు, చాలావరకు ఫలానా పనికే అని దాతలు రాసిచ్చిన డబ్బది. స్టాన్‌ఫర్డ్ కూడా అదే అంది, ఈ 11 ఆటల్ని శాశ్వతంగా నిలబెట్టాలంటే 200 మిలియన్ల పైన కావాలని. కానీ అదే ప్రకటనలో కోవిడ్‌కి ముందు నుంచే ఏటా లోటు నడుస్తోందని కూడా ఒప్పుకుంది. సందట్లో సడేమియా అని నేననేది దీన్నే.

ఎంఎస్_బాధితుడు
మీరంతా పెద్ద స్కూళ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను 2019 ఫాల్‌లో మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న స్టేట్ యూనివర్సిటీకి ఎంఎస్‌కి వచ్చా. పేరు చెప్పను, చెప్పినా మీకు తెలీదు. ఫీజు బిల్లులో అథ్లెటిక్ ఫీజు అని ఒక లైను. మొదటి సెమిస్టర్‌లో చూసి "మనకేంట్రా ఇది" అనుకున్నా. 2020 ఫాల్‌లో క్లాసులన్నీ జూమ్‌లో, స్టేడియానికి తాళం, ఆ లైను మాత్రం బిల్లులో అలాగే ఉంది. మెయిల్ పెడితే "తప్పనిసరి ఫీజు" అని రెండు ముక్కల జవాబు.

అసలు కామెడీ ఏంటంటే నా ఉద్యోగం కూడా ఆ స్టేడియంలోనే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలే కదా. బాస్కెట్‌బాల్ ఆటలప్పుడు హాట్‌డాగ్ కౌంటర్‌లో నిలబడేవాణ్ణి. మార్చిలో సూపర్‌వైజర్ మెసేజ్: ఇక షిఫ్టులు లేవు. ఇంట్లో అడగలేను, నాన్న అప్పటికే బ్యాంక్ లోన్‌కి పొలం కాగితాలు పెట్టాడు. ముగ్గురం రూమ్మేట్స్ రెండు నెలలు బియ్యం, పప్పు, స్టూడెంట్ ఫుడ్ ప్యాంట్రీ డబ్బాల మీద బతికాం. ఆట చూడకుండా ఆటకి డబ్బు కట్టి, ఆ ఆట మీదొచ్చే డబ్బు పోగొట్టుకున్న ఘనత మాది.

స్టేడియం_సమోసా
అన్నా నేను కూడా హాట్‌డాగ్ బ్యాచే. మా రూమ్‌లో ఒకడు శుద్ధ శాకాహారి, గ్లవ్స్ రెండు జతలు వేసుకుని అమ్మేవాడు.

లెక్కల_లావణ్య
బాధితుడు గారి పోస్టు ఈ థ్రెడ్‌లో ముఖ్యమైనది, నవ్వేసి వదిలేయకండి. పెద్ద కాన్ఫరెన్సులకి టీవీ డబ్బుంటుంది. చిన్న స్కూళ్లు బతికేది విద్యార్థుల ఫీజు మీద, యూనివర్సిటీ ఇచ్చే సొమ్ము మీద, ఇంకా "కొనుక్కునే ఆటల" మీద. పెద్ద టీం తన మైదానంలో సులువుగా గెలవడానికి చిన్న టీమ్‌ని పిలిచి, ఓడిపోయి వెళ్లడానికి మిలియన్ డాలర్లు, ఒక్కోసారి పైనే, చేతిలో పెడుతుంది.

కెంట్ స్టేట్ 2020లో పెన్ స్టేట్, కెంటకీ, అలబామా మైదానాలకి ఇలాగే వెళ్లాల్సింది. జులై 9న బిగ్ టెన్ "మాలో మేమే ఆడుకుంటాం" అంది, నెలాఖరుకి కెంటకీ, అలబామా ఉండే ఎస్ఈసీ కాన్ఫరెన్సు కూడా అదే మాట. మూడు చెక్కులూ ఎగిరిపోయాయి. పక్కనే ఉన్న ఆక్రన్ అప్పటికే మేలో అబ్బాయిల క్రాస్ కంట్రీ, అబ్బాయిల గోల్ఫ్, అమ్మాయిల టెన్నిస్ తీసేసింది.

వింజమూరి_వాకిలి
ఓడిపోవడానికి మిలియన్ డాలర్లా? మా గల్లీ క్రికెట్ టీం రెడీ.

గ్యాస్‌స్టేషన్_గోపి
మా ఊరూ బిగ్ టెన్ ఊరే. నాదీ మా బావమరిదిదీ ఒక గ్యాస్ స్టేషన్, దానికానుకుని చిన్న మోటెల్. ఏడాదిలో ఆరేడు శనివారాలు ఆట ఉంటుంది. ఆ శనివారాలకి రూములు ఏడాది ముందే బుక్ అయిపోతాయి, రేటు మూడింతలు. మోటెల్ అప్పు వాయిదా ఆ డబ్బుతోనే తీరుతుంది, మిగతా ఏడాదంతా కరెంటు బిల్లుకే సరిపోతుంది.

2020లో ఆ శనివారాల్లో లాబీలో నేనూ మా బావమరిదీ ఎదురెదురుగా కూర్చుని టీవీలో ఆట చూశాం. స్టేడియం మా కిటికీలోంచి కనపడుతుంది. లోపల గోల పడితే మాకు వినపడేది, అది రికార్డు చేసిన గోలని తర్వాత తెలిసింది. కరోనాలో చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇప్పించిన పీపీపీ లోన్ వచ్చింది కాబట్టి గట్టెక్కాం. యూనివర్సిటీ లెక్కల్లో మేం ఎక్కడా ఉండం. సీజన్ టికెట్ల వాళ్లని మాత్రం "రీఫండ్ వద్దు, విరాళం అనుకోండి" అని బతిమాలారు. మా రూములు బుక్ చేసుకున్నవాళ్లలో ఒక్కరూ విరాళం అనుకోలేదు.

అబర్న్_అభిమాని_కాదు
డబ్బు లేదు డబ్బు లేదు అంటున్నారు గానీ 2020 డిసెంబర్ 13న అబర్న్ తన ఫుట్‌బాల్ కోచ్ గస్ మాల్జాన్‌ని తీసేసింది. ఊరికే పొమ్మంటే పోడుగా, కాంట్రాక్ట్ ప్రకారం 21.45 మిలియన్ డాలర్లు ఇచ్చి పంపింది, అందులో సగం నెల రోజుల్లోపే. జనవరిలో టెక్సాస్ టామ్ హెర్మన్‌ని పంపింది, అక్కడా కోట్లే. కరోనా మధ్యలో, సగం దేశం జీతాలు లేక కూర్చున్నప్పుడు. పని చేయవద్దని ఇచ్చిన డబ్బు అది.

చింత చచ్చినా పులుపు చావలేదు.

కొలంబస్_కోటి
ఆ డబ్బు చాలావరకు దాతలు ఇస్తారు. వాళ్లు ఫెన్సింగ్‌కి ఇవ్వరు. ఎవడి డబ్బు వాడిష్టం.

అబర్న్_అభిమాని_కాదు
ఇస్తారు సార్, అడిగితే. బౌలింగ్ గ్రీన్ 2020 మేలో బేస్‌బాల్ తీసేసింది. పాత ఆటగాళ్లు మూడు వారాలు తిరక్కుండా 1.5 మిలియన్లకి హామీలు పోగేశారు, జూన్ మొదటి వారంలో టీం తిరిగొచ్చింది. ఏడాది ముందే అడిగుంటే టీం పోయేదే కాదు. ముందు మూసేసి తర్వాత అడగడం కన్నా ముందు అడగడం నయం కాదా?

పీడీసార్_ఖమ్మం
ఇది అమెరికా ముచ్చట అని తెలుసు, అయినా రెండు మాటలు. నేను ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌ని. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు మేనేజ్‌మెంట్ మొదట ఆపిన జీతం నాది. లెక్కల సారు ఆన్‌లైన్‌లో చెప్తడు, పీడీ సారు ఆన్‌లైన్‌లో ఏం ఆడిస్తడు అన్నరు. నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. గేమ్స్ ఫీజు మాత్రం పిల్లల దగ్గర తర్వాత వసూలు చేసిన్రు. పైన ఎంఎస్ తమ్ముడు రాసింది చదివితే ఖమ్మం అయినా అమెరికా అయినా అదే కథ అనిపించింది.

2021 ఏప్రిల్‌లో ప్రైవేట్ స్కూళ్ల టీచర్లకి రాష్ట్ర ప్రభుత్వం నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. నేను కాలేజీ కాబట్టి ఆ లిస్టులో లేను. ఎనిమిది నెలలు మా బామ్మర్ది కూరగాయల బండి మీద కూసున్న. ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ మొదటిది భువనేశ్వర్‌లో 2020 మార్చి 1న ముగిసింది, సరిగ్గా కరోనాకి ముందు. రెండోది బెంగళూరులో 2022 ఏప్రిల్ దాకా జరగనే లేదు. నా దగ్గర కబడ్డీ ఆడే ఇద్దరు పిల్లలు ఈ మధ్యలో డిగ్రీ అయిపోయి వెళ్లిపోయిన్రు. మీ దగ్గర ఆటగాళ్లకి కాలేజీ టీంల ఆడేందుకు ఒక ఏడాది ఎక్కువ ఇచ్చిన్రట కదా, మా దగ్గర అదీ లేదు.

బేఏరియా_అమ్మ
సార్, మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

లెక్కల_లావణ్య
పీడీ సార్ అన్న అదనపు ఏడాది నిజమే. మొదట 2020 వసంతకాలపు ఆటలవాళ్లకి ఇచ్చారు, తర్వాత ఫాల్, వింటర్ వాళ్లకి కూడా. పిల్లలకి మేలే, కానీ దానికి ఎన్‌సీఏఏ డబ్బు ఇవ్వలేదు. ఐదో ఏడు ఉండేవాళ్ల స్కాలర్‌షిప్ కాలేజీయే చూసుకోవాలి, ఇష్టమైతే. పైగా వాళ్లు ఉండిపోవడంతో వెనకొచ్చే పిల్లలకి చోటు తగ్గింది. 2021, 2022లో హైస్కూల్ అయిపోయినవాళ్లు ఎక్కువ నష్టపోయారు.

టైటిల్‌నైన్_తారక
ఎవరూ ఎత్తని కోర్టు సంగతి నేను ఎత్తుతా. అమ్మగారిది ఆడపిల్ల కాబట్టి ఇది పనికొస్తుంది.

1972 నాటి టైటిల్ నైన్ చట్టం చదువు సంస్థల్లో ఆడా మగా తేడా చూపొద్దంటుంది. ఆటల్లో ఆడవాళ్ల అవకాశాలు కాలేజీలో వాళ్ల సంఖ్యకి తగ్గట్టు ఉన్నాయా అన్నది దానికి ఒక ముఖ్యమైన కొలత. కరోనాలో తొందరపడి కోసిన చాలామంది ఈ లెక్క సరిగ్గా చూసుకోలేదు. అయోవా ఈత, అబ్బాయిల టెన్నిస్, అబ్బాయిల జిమ్నాస్టిక్స్ తీసేసింది. అమ్మాయిలు కోర్టుకెళ్లారు, 2021 ఫిబ్రవరిలో అమ్మాయిల ఈత తిరిగొచ్చింది. అబ్బాయిల ఈత రాలేదు, అదే కొలను, అవే నీళ్లు. డార్ట్‌మత్ ఐదు ఆటలు తీసేసి 2021 జనవరిలో ఐదూ వెనక్కి పెట్టింది. స్టాన్‌ఫర్డ్ కూడా దావాలు పడ్డాక 2021 మే 18న 11 ఆటలూ ఉంచుతామంది.

బాగా దెబ్బతిన్నది మగవాళ్ల జిమ్నాస్టిక్స్. మిన్నెసోటాలో వందేళ్లకు పైబడ్డ టీం పోయింది. అదే టీంలో ఆడిన షేన్ విస్కస్ 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి అమెరికా జట్టులో వెళ్లాడు.

స్టేడియం_సమోసా
స్టాన్‌ఫర్డ్ కుస్తీ వాడు గుర్తున్నాడా? షేన్ గ్రిఫిత్. టీం తీసేశామన్నాక 2021 మార్చిలో కాలేజీ పేరు లేని నల్ల సింగ్‌లెట్ (కుస్తీ డ్రెస్సు) వేసుకుని వచ్చి జాతీయ టైటిల్ కొట్టాడు. మా ఆఫీసులో కుస్తీ ముక్క తెలియనివాళ్లు కూడా ఆ వీడియో పంపుకున్నారు.

ఉప్మా_వద్దు
ఇద్దరూ షేన్‌లే. అబ్బాయి పుడితే ఆ పేరే పెడతా.

విశాఖ_వాలీ
టెన్నిస్ గురించి ఒక మాట. మనవాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో ఆడే పైకొచ్చాడు. మన దగ్గర డబ్బు లేని టెన్నిస్ పిల్లలకి అది పెద్ద దారి, చదువూ ఆటా రెండూ అక్కడే. అబ్బాయిల టెన్నిస్ టీంలు మూతపడ్డాయంటే ఇక్కడ విజయవాడలో, హైదరాబాద్‌లో ప్రాక్టీస్ చేసే పిల్లల మీద కూడా పడుతుంది. ఈ కోణం ఎవరూ రాయలేదని రాశా.

కొలంబస్_కోటి
ఇది నేను ఆలోచించలేదు, నిజం.

లావణ్య గారి పాయింటు కూడా కొంత ఒప్పుకుంటా, మొత్తం కాదు. ఓహాయో స్టేట్‌కి అప్పు పుడుతుంది కాబట్టి ఆటలు ఉంచగలిగింది. ఆక్రన్‌కి ఎవడిస్తాడు అప్పు? స్టాన్‌ఫర్డ్‌ని తిట్టండి, మీతో కలిసి తిడతా. చిన్నవాళ్లని అదే కర్రతో కొట్టకండి.

లెక్కల_లావణ్య
అది న్యాయమైన మాట. చిన్నవాళ్ల మీద నాకు కోపం లేదు.

బేఏరియా_అమ్మ
చాలా తెలిసింది. ఇప్పుడు అసలు ప్రశ్న. కరోనా అయిపోయింది, ఆటలు తిరిగొచ్చాయి. ఇక భయం లేనట్టేనా?

టైటిల్‌నైన్_తారక
ఉంది. ఆటగాళ్లు తమకి డబ్బు రావాలని ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌కి 2025 జూన్ 6న జడ్జి ఒప్పుకున్నారు. పాత ఆటగాళ్లకి బాకీ కింద దాదాపు 2.8 బిలియన్లు, ఇక మీదట ఒక్కో స్కూలు తన ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వచ్చు, మొదటి ఏడాది 2025-26లో 20.5 మిలియన్ల దాకా. అందులో పెద్ద ముక్క ఎవరికి పోతుందో చెప్పక్కర్లేదు. సెటిల్‌మెంట్ ఖాయం కాకముందే, మార్చిలో, కాల్ పాలీ ఈత టీంలు తీసేసింది. ఈసారి వైరస్ అవసరం కూడా రాలేదు.

లెక్కల_లావణ్య
అమ్మగారూ, ఫెన్సింగ్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకుంటే తగ్గించుకోండి. పాత నిబంధనల్లో అమ్మాయిల టీం మొత్తానికి ఐదు స్కాలర్‌షిప్పులు, వాటిని ముక్కలు చేసి పంచేవారు. ఐవీ లీగ్ వాళ్లయితే ఆట స్కాలర్‌షిప్ అసలు ఇవ్వరు. పాప ఆట వల్ల అడ్మిషన్ వస్తే సంతోషం. కాలేజీని మాత్రం టీం లేకపోయినా చదవాలనిపించేదే చూసుకోండి. స్కూలుకి వెళ్లినప్పుడు కోచ్‌ని ఒక్క మాట అడగండి: 2020లో మీ టీం సంగతి ఏమైంది, డబ్బు ఎవరు పెట్టారు? తడుముకుంటే గుర్తుపెట్టుకోండి.

గ్యాస్‌స్టేషన్_గోపి
కోచ్ తడుముకోడు, వాడు రోజూ అబద్ధం ప్రాక్టీస్ చేస్తాడు. అసిస్టెంట్ కోచ్‌ని అడగండి. మా మోటెల్‌లో దిగేది వాళ్లే, నిజాలన్నీ వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఎంఎస్_బాధితుడు
బిల్లులో అథ్లెటిక్ ఫీజు ఎంతో కూడా చూడండి. అనుభవం.

బేఏరియా_అమ్మ
ఈ థ్రెడ్ మొత్తం మా అమ్మాయికి చూపించాను. "అమ్మా, నాకు కాలేజీలో టీం లేకపోతే క్లబ్‌లో ఆడతా, నువ్వెందుకు టెన్షన్ పడతావ్" అంది. మా ఆయన "అయితే ఆ విమానం టికెట్లు ఇప్పుడే ఆపేద్దాం" అన్నారు. అది తలుపు వేసుకుంది. మళ్లీ మొదటికొచ్చాం.

శనివారం శాక్రమెంటోలో టోర్నమెంట్. ఫ్రీమాంట్ వైపు నుంచి ఎవరైనా వెళ్తుంటే చెప్పండి, మా కారులో ఇద్దరికి చోటుంది. పులిహోర తెస్తా.

ఉప్మా_వద్దు
పులిహోర అయితే నేను ఫెన్సింగ్ రాకపోయినా వస్తా.